కరక్కాయ చెట్టు: అద్దకమునకు ఆధారము

దగ్గు వచ్చినవారిని కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొనుమని చెప్పని పెద్దలు పల్లెలలో ఉండరు. ఆ కాయయే కలంకారీ బట్టకు మొదటి మెట్టు అను సంగతి మాత్రము పంచాయతీలలో చర్చకు వచ్చుట అరుదు. నల్లమలలోను, తూర్పు కనుమలలోను తనంత తాను పెరుగు ఈ చెట్టును గ్రామపు ఉమ్మడి భూములలో పెంచదలచిన సభ్యులకు పనికివచ్చు విషయములను ఇచ్చట తెలుపుచున్నాము.

శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయువారును, బందరు దాపున పెడనలో అచ్చులతో అద్దువారును రంగు ముట్టుటకు ముందు బట్టను కరక్కాయ కషాయములో ముంచి ఎండబెట్టుదురు. కాళహస్తి వారు అందు గేదెపాలు కూడ కలుపుదురు. పాలలోని కొవ్వు వలన రంగు పాకిపోదు. కాయ కండలో సుమారు మూడవ వంతు టానిన్ అను వగరు పదార్థము. నూలునకు ఇనుము, పటిక తమంతట సరిగా పట్టవు; ఈ వగరు వానిని పట్టి ఉంచును. తుప్పు ఇనుమును, బెల్లమును నీటిలో కొన్ని వారములు ఊరవేసి తీసిన కసిమితో ఆ బట్టపై గీసినంతనే గీత నలుపెక్కును. పటిక పూసిన చోట ఎరుపు నిలుచును. ఎరుపునకు పూర్వము వాడిన చిరివేరు స్థానమును నేడు చాలవరకు అలిజరిన్ ఆక్రమించినది గాని, కరక్కాయను వారు విడువలేదు. పసుపురంగునకు వాడు కరకపువ్వు నిజమునకు పువ్వు కాదు. పురుగు వలన ఆకుపై లేచిన బుడిపె.

కొత్త మొక్కల కన్న ముందుగా ఉన్న చెట్లను చూడవలెను. ఇతరులు ఏరుకొనిపోదురను భయముతో కాయ ముదరకమునుపే కొమ్మలు నరికి దులుపుట కొన్ని యెడల జరుగుచున్నది. ఇది దొంగబుద్ధితో చేయు పని కాదు; కట్టుబాటు లేనిచోట అందరును చేయు పనియే. శీతకాలమున కాయ పసుపు తిరుగు సమయమును చూచి, ఏరుటకు ఒక తేదీని గ్రామసభ నిర్ణయించినచో ఈ తొందర తగ్గును. రాలిన కాయను వెంటనే ఏరి, పలుచగా పరచి, మూడు నాలుగు వారములు నీడన ఆరబెట్టవలెను. తడినేలపై విడిచిన కాయకు బూజు పట్టును. వర్తకుడు దానికి ధర కట్టడు.

మొక్కను పెంచుటకు ఓపిక కావలెను. టెంక మిక్కిలి గట్టిది. అట్లే పాతినచో మొలచునవి కొద్దియే. కండ తీసివేసి, టెంక వెడల్పు కొనను లోని పప్పునకు దెబ్బ తగులకుండ కొంచెము కత్తిరించి, 36 గంటలు చన్నీటిలో నానవేసి నారుమడిలో నాటవలెను. లేతమొక్కకు నీడ అవసరము. ఏడాది పెంచిన మొక్కను తొలకరిలో 8 నుండి 10 మీటర్ల ఎడముగా నాటి, మేకలు మేయకుండ ముళ్ళకంప కట్టవలెను. విత్తు మొక్క కాపునకు వచ్చుటకు పదేండ్లు పట్టవచ్చును. అంటు మొక్క అంతకు ముందే కాయును. నేడు నాటిన సభ్యుడు తన అయిదేండ్ల పదవీకాలములో ఒక్క కాయనైనను చూడకపోవచ్చును. ఈ మాట గ్రామసభలో ముందే చెప్పుట మంచిదని మా అభిప్రాయము.

షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును 1996 నాటి పెసా చట్టము గ్రామసభకును, పంచాయతీకిని ఒసగినది. తరతరములుగా ఏరుకొనువారి హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము గుర్తించినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొను సరకులలో కరక్కాయ కూడ ఒకటి. వర్తకునితో మాట కలుపుటకు ముందు ఆ సంస్థ ధరను విచారింపవలెను.

మహిళాసంఘములు చిన్న ఎత్తున అద్దకము ప్రయత్నింపదలచినచో, ఉతికి గంజి పోగొట్టిన కిలో నూలుబట్టకు సుమారు 200 గ్రాముల పొడి చాలును. ఆ నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, జాడింపకుండ ఆరబెట్టవలెను. పిదప పటికనీటిలో ముంచినచో లేత పసుపును, కసిమిలో ముంచినచో బూడిదరంగు మొదలు నలుపు వరకును వచ్చును. కసిమి మితముగా వాడవలెను. ఇనుము ఎక్కువైనచో బట్ట త్వరగా చివుకును.