అవ్వకు అరవై: ఇంట్లో పుట్టినరోజు ఎట్లా చేశామంటే

మా అవ్వ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 01-01-1964 అని ఉంది. మా మంగళవాడలో అవ్వ ఈడువాళ్లు ఇంకా ఎంతోమందికి జనవరి 1నే పుట్టినరోజు. తేదీ తెలియదంటే రాసుకునేవాళ్లు అట్ల రాసుకున్నారు, అంతే. పోయిన సంవత్సరం మా అమ్మ "అత్తకు అరవై నిండుతాయి, ఏమైనా చేద్దాం" అన్నప్పుడు అందరికీ వచ్చిన మొదటి ప్రశ్న, ఏ రోజు చేయాలి?

మా ఊరు కర్ణాటకలో, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. మీ ఊళ్లు వేరైనా ఈ ప్రశ్న మీ ఇళ్లల్లోనూ వస్తుంది. అందుకే మేము ఏం చేశామో రాస్తున్నాను.

తేదీ దొరికిన విధం

"అవ్వా, నువ్వు ఎప్పుడు పుట్టినావు?" అంటే అవ్వ చెప్పలేకపోయింది. "మీ అమ్మ ఏమని చెప్పేది?" అంటే మాత్రం వెంటనే చెప్పింది: "గౌరి పండగనాడు తెల్లారుజామున. ఆ ఏడు విశ్వావసు అనేది."

గౌరి పండగ వినాయక చవితికి ముందురోజు, భాద్రపద శుద్ధ తదియనాడు వస్తుంది. ఆంధ్రాలో చాలామంది చేయరు కానీ కర్ణాటకలో పెద్ద పండగ. మా అవ్వ పేరు కూడా ఆ పండగ నుంచి వచ్చిందే.

తెలుగు సంవత్సరాలు ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై. 1965 ఉగాదితో విశ్వావసు మొదలైంది. మళ్లీ విశ్వావసు వచ్చింది 2025 ఉగాదికే. అంటే పుట్టిన సంవత్సరం పేరు మనిషి జీవితంలో రెండోసారి వచ్చేది అరవై ఏళ్లకే. అరవైకి అంత విలువ అందుకే. గురుడు రాశిచక్రం ఒకసారి చుట్టడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. అరవై ఏళ్లలో గురుడు ఐదుసార్లు, శని రెండుసార్లు తిరిగి ఇద్దరూ దాదాపు మొదటి చోటికే వస్తారు. పావగడలో శనిమహాత్ముడి గుడి ఉంది కాబట్టి మా వైపు వాళ్లకు శని లెక్క కొత్త కాదు.

ఈ అరవై ఎవరిది?

షష్టిపూర్తి అంటే మనం చూసేది ఇదీ: భర్తకు అరవై నిండితే భార్యను పక్కన కూర్చోబెట్టి, శాంతి చేయించి, మళ్లీ తాళి కట్టిస్తారు. 70కి భీమరథ శాంతి ఉంది. వెయ్యి పున్నములు చూసినవాళ్లకు సహస్ర చంద్ర దర్శనం ఉంది. లెక్క వేస్తే వెయ్యి పున్నములకు దాదాపు 80 ఏళ్ల 10 నెలలు అవుతుంది. కానీ భార్యకు అరవై నిండిన రోజును మా ఇళ్లల్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

మా తాత 58 ఏళ్లకే పోయాడు. కాబట్టి అవ్వకు పక్కన కూర్చునే షష్టిపూర్తి కూడా లేకపోయింది. పైగా గౌరి పండగ ముత్తైదువుల పండగ. తాత పోయినప్పటి నుంచి, ఆడవాళ్లు చేటల్లో బాగినాలు ఇచ్చుకునే వేళకు అవ్వ పెరట్లోకి వెళ్లిపోయేది. అది తన పుట్టినరోజు అని మాకెవరికీ తెలియదు.

జపాన్‌లో, కొరియాలో కూడా అరవై ఏళ్ల చక్రం ఉంది. అరవై నిండడాన్ని జపాన్‌లో కన్రెకి అంటారు, ఎర్రటి బట్ట తొడుగుతారు. కొరియాలో హ్వాన్‌గాప్ అంటారు. అక్కడ ఆడవాళ్లకూ చేస్తారు. ఇది చెబితే నాయన కొంచెంసేపు ఆలోచించి, "హోమం వద్దు, షష్టిపూర్తి అనే మాట వద్దు. పుట్టినరోజు అందాం" అన్నాడు.

మేము చేసిన ఏర్పాట్లు

ముందు అవ్వనే అడిగాం. చెప్పకుండా చేస్తే నలుగురి ముందు ఆమే ఇబ్బంది పడుతుంది. "నాకు యాలమ్మే ఇదంతా?" అంది. రెండు రోజుల తర్వాత తానే వచ్చి, "చేసేదైతే నాతోపాటు చెనక్కాయలు పీకినోళ్లను పిలవండి" అంది. మేము రాసుకున్న చుట్టాల పట్టీలో వాళ్లలో ఒక్కరి పేరు కూడా లేదు. మళ్లీ రాసుకున్నాం. మొత్తం 40 మంది తేలారు.

పొద్దున ఇళ్లల్లో పూజలు ఉంటాయి కాబట్టి సాయంత్రం నాలుగింటికి పెట్టుకున్నాం. ఓళిగలు మనిషికి రెండు చొప్పున లెక్కేసి, రెండు కిలోల కందిబేళ్లు, దానికి కొంచెం తక్కువగా బెల్లం తీసుకున్నాం. బేళ్లు ఉడికిన నీళ్లను పారబోయకుండా చారు పెట్టాం. చిత్రాన్నానికి, చారన్నానికి కలిపి ఆరు కిలోల బియ్యం సరిపోయాయి.

వంట అమ్మ, చిన్నమ్మ చూసుకున్నారు. వడ్డన మాత్రం నాయనకు, చిన్నాయనకు అప్పగించాం. వంటా వడ్డనా రెండూ ఆడవాళ్లవే అయితే అవ్వ కుర్చీలో కూర్చోదు, లేచి వచ్చేస్తుంది. తమ్ముడికి కేకు కావాలి. దీపం ఆర్పడం పెద్దవాళ్లకు ఇష్టం ఉండదు కాబట్టి కొవ్వొత్తులు మానేసి, పదేళ్లకు ఒకటి చొప్పున ఆరు ప్రమిదలు పెట్టాం. అవ్వ ఒకటి వెలిగించి, మిగతావి తన జతవాళ్ల చేత వెలిగించింది.

అన్నీ సాఫీగా జరగలేదు. "పండగ పూట ఇదేం ఆచారం" అని దగ్గరి చుట్టం ఒకామె రాలేదు. తాంబూలం ఇచ్చేటప్పుడు, అవ్వ ముందుకు వచ్చేసరికి చిన్నమ్మ పళ్లెంతో ఆగిపోయింది. అప్పుడు అమ్మ పళ్లెం తీసుకుని పూలూ కుంకుమా రెండూ చూపించి, "అత్తా, మీ ఇష్టం" అంది. అవ్వ కుంకుమ వద్దంది. మేము బలవంతం చేయలేదు. కనకాంబరాలు తీసుకుంది. తలలో పెట్టుకోలేదు కానీ రాత్రి పడుకునేదాకా ఒళ్లోనే పెట్టుకుంది. ఆ రోజు పెరట్లోకి మాత్రం వెళ్లలేదు.

మీకు ఒక మాట

ఇప్పుడు నడుస్తున్నది పరాభవ. 1966 ఉగాదికీ 1967 ఉగాదికీ మధ్య పుట్టినవాళ్లకు ఇది అరవై నిండే సంవత్సరం. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఆధార్ కార్డు పక్కన పెట్టి, తేదీ అడక్కుండా, ఏ పండగ దగ్గర పుట్టిందో అడగండి. తర్వాత ఎవరిని పిలవాలో కూడా ఆమెనే అడగండి. మిగతాదంతా రెండు కిలోల బేళ్లతో అయిపోతుంది.