ఏది తేలింది? ఏది తేలలేదు?

కొన్ని పరీక్షల్లో ఒక చిన్న పేరా ఇచ్చి, "దీన్నిబట్టి ఏమి తేలుతుంది?" అని అడుగుతారు. కింద నాలుగు జవాబులుంటాయి. నాలుగూ నిజంలాగే కనిపిస్తాయి. కాని పేరాలో చెప్పిన సంగతులు వాటిలో ఒక్కదానికే బలమైన ఆధారమవుతాయి. చిక్కంతా ఆ ఒక్కదాన్ని పట్టుకోవటంలోనే ఉంది.

అచ్చం ఇటువంటి ప్రశ్నే 1854లో లండన్ నగరంలో జాన్ స్నో అనే డాక్టరుకు ఎదురయింది. ఆ ఏడు ఆగస్టు నెలాఖరున సోహో అనే పేటలో కలరా చెలరేగింది. పదిరోజుల్లో ఆ జబ్బు తగిలినవారిలో 500 మందికి పైగా చనిపోయారు. కుళ్ళు కంపు కలిసిన చెడుగాలివల్ల కలరా వస్తుందని ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లు కూడా నమ్మేవారు. స్నో మాత్రం అది తాగే నీటిద్వారా వస్తుందనేవాడు.

అతను చనిపోయిన 83 మంది జాబితా సంపాదించి, వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒక్క పదిమంది తప్ప మిగిలినవారి ఇళ్ళన్నీ బ్రాడ్‌ వీధిలోని నీళ్ళపంపుకే దగ్గర. ఆ పదిమందిలో అయిదుగురు దగ్గరున్న పంపును కాదని ఆ నీళ్ళే తెప్పించుకునేవారు. మరి ముగ్గురు ఆ పంపు పక్క బడికి వెళ్ళే పిల్లలు. వాళ్ళలో ఇద్దరు ఆ నీళ్ళు తాగినట్టు తెలిసింది. మూడో బిడ్డ కూడా "తాగింది" అని రాసేస్తే స్నో వాదనకు ఎంత బలమో చూడండి! కాని అతను అలా రాయలేదు. తాగి ఉండవచ్చునని తల్లిదండ్రులు అనుకుంటున్నారు, అని మాత్రమే రాశాడు.

సరే, పంపు నీళ్ళే కారణమని తేలిపోయిందా? తొందరపడకండి. పంపు దగ్గరివాళ్ళు ఆ నీళ్ళు తాగారు, నిజమే. ఆ గాలీ పీల్చారు గదా! అందుచేత ఆ గాలి పీల్చి ఆ నీళ్ళు తాగనివాళ్ళూ, ఆ నీళ్ళు తాగి ఆ గాలి పీల్చనివాళ్ళూ కావాలి.

ఇద్దరూ దొరికారు. ఆ వీధిలోనే ఒక బీరు కార్ఖానా ఉంది. అందులో డెబ్భైమందికి పైగా పనివాళ్ళున్నా కలరాతో ఒక్కడూ చావలేదు. వాళ్ళకు తాగటానికి బీరు ఇచ్చేవారు. వీధి పంపు జోలికి పోయేవారు కాదు. దగ్గరలోనే ఉన్న బీదల శరణాలయంలో 535 మంది ఉంటే అయిదుగురే పోయారు. అక్కడ సొంత బావి ఉంది. ఇక రెండోరకం సాక్ష్యం ఇంకా విచిత్రమైనది. కొన్ని మైళ్ళ దూరాన, హాంప్‌స్టెడ్‌లో ఒక విధవరాలు కలరాతో చనిపోయింది. ఆమె చాలా నెలలుగా సోహో వైపే రాలేదు. కాని పాత అలవాటుకొద్దీ బ్రాడ్‌ వీధి నీళ్ళంటే ఇష్టం! రోజూ బండిమీద ఒక పెద్ద సీసా తెప్పించుకునేది. చూడవచ్చిన మేనకోడలు కూడా ఆ నీళ్ళు తాగి, తన ఊరు చేరి చనిపోయింది. వాళ్ళ చుట్టుపక్కల మరెవ్వరికీ కలరా లేదు.

సెప్టెంబరు 7న స్నో ఈ సంగతులు పేట పెద్దలకు చెప్పాడు. మర్నాడు పంపు పిడి ఊడదీశారు. కలరా ఆగిపోయింది.

ఇప్పుడు మీకొక ప్రశ్న: పిడి తీసినందువల్లనే కలరా ఆగిందని తేలినట్టేనా? చాలామంది కథ అలాగే చెబుతారు. వినటానికి బాగుంటుంది కూడా. కాని స్నో వేసిన పట్టిక చూడండి. సెప్టెంబరు 1న జబ్బుపడినవారిలో 143 మంది చనిపోయారు. పిడి తీసిన 8వ తేదీన జబ్బుపడినవారిలో పోయింది 12 మందే. అంటే జబ్బు అప్పటికే చాలావరకు తగ్గింది. జనం చాలామంది పేట వదిలి పారిపోయారు కూడా. కాబట్టి పిడి తీసేనాటికి ఆ నీళ్ళలో విషం ఇంకా ఉందో, లేక పోయిందో చెప్పలేనని స్నోయే రాశాడు.

ఆ విషమేమిటో చూడకుండానే అతను 1858లో చనిపోయాడు. కలరా క్రిమిని విడిగా పెంచి చూపినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాఖ్. అది 1884లో, మన కలకత్తాలో జరిగింది.