చలిలో పరిగెడితే వాచ్‌లో హార్ట్ రేట్ ఎందుకు తప్పుతుంది? దెందులూరు మంచులో నాకు తెలిసొచ్చిన లెక్క

డిసెంబర్‌లో ఓ ఆదివారం, తెల్లవారుజామున 5:15. దెందులూరులో మా ఇంటి ముందు నిలబడితే ఎదురింటి గేటు కూడా కనబడటం లేదు, అంత మంచు. జనవరిలో ముంబై మారథాన్ ఉంది. ఆ రోజు ప్లాన్ 24 కిలోమీటర్లు. "ఈ మంచులో తిరిగితే రొంప చేస్తుందిరా, మంకీ క్యాప్ అయినా పెట్టుకో" అంది అమ్మ. వినకుండా బయల్దేరా.

రెండో కిలోమీటర్ దాటేసరికి వాచ్‌లో హార్ట్ రేట్ 176 చూపించింది. నా వయసు 26. 220లోంచి వయసు తీసేసే పాత లెక్కలో నా గరిష్ఠం 194. అంటే మెల్లగా జాగింగ్ చేస్తూనే 90 శాతం దాటేశానన్నమాట! ఆయాసం మాత్రం లేదు, మాట్లాడుతూ పరిగెత్తేంత తేలిగ్గా ఉంది. అయినా భయమేసి మూడో కిలోమీటర్ దగ్గర ఆపేసి నడుచుకుంటూ వచ్చేశా. తర్వాతి ఆదివారం కూడా ఇదే కథ. మారథాన్‌కి నెల ముందు రెండు లాంగ్ రన్స్ అలా పోయాయి.

ఆ రాత్రి యాప్ తెరిచి హార్ట్ రేట్ గ్రాఫ్ కింద కేడెన్స్ గ్రాఫ్ పెట్టి చూశా. కేడెన్స్ అంటే నిమిషానికి ఎన్ని అడుగులు పడ్డాయో ఆ లెక్క. అదీ 176 దగ్గరే ఉంది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి గీసినట్టున్నాయి. వాచ్ కొలిచింది నా గుండెని కాదు, నా అడుగుల్ని!

అసలు లోపల ఏం జరుగుతుంది?

వాచ్ వెనకాల మెరిసే ఆకుపచ్చ లైట్ తెలుసు కదా. ఆ వెలుతురును రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది, దాంతో వెనక్కి తిరిగొచ్చే వెలుతురు కూడా మారుతుంది. ఆ అలల్ని లెక్కపెట్టడమే సెన్సర్ పని.

చలిలో శరీరం వేడిని కాపాడుకోవడానికి చేతులు, కాళ్ల చర్మంలోని సన్నటి రక్తనాళాల్ని బిగిస్తుంది. మణికట్టు దగ్గర రక్తం తగ్గి సిగ్నల్ బలహీనపడుతుంది. మరోపక్క చెయ్యి ఊగుతున్నప్పుడు వాచ్ కదిలి, అడుగుల లయ కూడా అదే వెలుతురులో అలలా కనిపిస్తుంది. అసలు సిగ్నల్ చిన్నదై ఈ గోల పెద్దదైతే, సాఫ్ట్‌వేర్ పెద్ద అలనే గుండె అనుకుంటుంది. దీన్నే కేడెన్స్ లాక్ అంటారు. ఒంట్లో వేడి పుట్టి చర్మానికి రక్తం తిరిగొచ్చాక చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కదా అనొచ్చు. నిజమే, సున్నా దరిదాపుల చలి కావాలంటే లంబసింగి వెళ్లాలి. కానీ తెల్లవారుజామున తడి గాలి, చెమట పట్టని చేతులు, వదులుగా పెట్టుకున్న వాచ్ కలిస్తే ఈ తప్పుకి దెందులూరు చలి చాలు.

నేను ఏం మార్చాను?

వాచ్‌ని మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి జరిపి, కదలనంత బిగుతుగా పెట్టా. ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేసుకుని, ఇంట్లోనే పది నిమిషాలు వార్మప్ చేసి బయటికెళ్లా. ఫ్రెండ్ దగ్గర చెస్ట్ స్ట్రాప్ కూడా తెచ్చుకున్నా. అది వెలుతురుతో కాదు, గుండె విద్యుత్ సిగ్నల్‌తో పనిచేస్తుంది. కాబట్టి చలికి బిగుసుకునే రక్తనాళాలతో దానికి సంబంధం లేదు. కాకపోతే ప్యాడ్స్ పొడిగా ఉంటే అదీ తప్పు చెబుతుంది, పెట్టుకునే ముందు నీళ్లతో తడపాలి. అదే రోడ్డు, అదే స్పీడ్: స్ట్రాప్‌లో 141.

స్ట్రాప్ లేదా? అనుమానం వస్తే ఆగి, మెడ పక్కన వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. పైసా ఖర్చు లేదు. ఒక్క మాట: ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం ఉంటే మాత్రం సెన్సర్ తప్పులే అనుకోకండి. ఆపేసి డాక్టర్ దగ్గరకి వెళ్లండి.

మరి జీపీఎస్, టచ్, బ్యాటరీ?

మంచుకి జీపీఎస్ పాడవదు. సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు దాదాపు 19 సెంటీమీటర్లు. మంచు బిందువులు మిల్లీమీటర్‌లో చిన్న వంతు కూడా ఉండవు, వాటిని అది పట్టించుకోదు. టచ్ స్క్రీన్‌కి మాత్రం తడి ఇబ్బందే. నీటిచుక్కని వేలనుకుని రన్ పాజ్ అయిపోవచ్చు, అందుకే టచ్ లాక్ చేసి బటన్లు వాడండి. బ్యాటరీకి మన చలి లెక్కే కాదు. కానీ అమెరికాలో మంచులో పరిగెత్తే మనవాళ్లు ఫోన్‌ని లోపలి జేబులో పెట్టుకోవాలి. ఐఫోన్‌ని వాడటానికి ఆపిల్ చెప్పే ఉష్ణోగ్రతే 0 నుంచి 35 డిగ్రీలు. గడ్డకట్టే చలిలో లిథియం అయాన్ బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, ఛార్జ్ ఉండగానే ఫోన్ ఆగిపోవచ్చు.

వాచ్ చెప్పని ప్రమాదం

మూడో ఆదివారం 24 కిలోమీటర్లకీ బయల్దేరా. కొల్లేరు వైపు చెరువులు, తడి పొలాలు. గాలి లేని రాత్రి నేల చల్లబడితే ఆ తేమంతా మంచై రోడ్డు మీదే కూర్చుంటుంది. 9వ కిలోమీటర్ దగ్గర స్ట్రాప్ 143, పేస్ పర్ఫెక్ట్, అన్నీ పచ్చగా ఉన్నాయి. అప్పుడే ధాన్యం బస్తాల ట్రాక్టర్ ఒకటి మంచులోంచి ఎదురుగా ఊడిపడింది. హెడ్‌లైట్ ఒక్కటే వెలుగుతోంది, అదీ గుడ్డిగా. చెవిలో ఇయర్‌బడ్స్ ఉన్నాయి కాబట్టి చప్పుడు కూడా వినలేదు. పొలం గట్టు మీదకి దూకితే సరిపోయింది. డ్రైవర్ ఆపి, "బాబూ, నువ్వు అసలు కనబడలేదయ్యా" అన్నాడు. నా టీషర్ట్, షార్ట్స్ రెండూ నలుపే మరి.

ప్రమాదం లేని చోట వాచ్ నన్ను రెండు వారాలు భయపెట్టింది. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఒక్కసారి కూడా వైబ్రేట్ అవలేదు. తప్పు దానిది కాదు, రోడ్డును చూసే సెన్సర్ అందులో లేదు.

ఆ సాయంత్రమే సైకిల్ షాపులో రేడియం స్టిక్కర్లు, వెనక కట్టుకునే చిన్న రెడ్ లైట్ కొన్నా. ఇప్పుడు ఇయర్‌బడ్స్ ఇంట్లోనే, మంచు మరీ దట్టంగా ఉంటే ఏడింటి దాకా నేనూ ఇంట్లోనే. ఈ చలికాలం పరుగు కోసం కొత్త వాచ్ కొనాలనుకుంటే, ముందు ఆ లైట్ కొనండి.