సంచి తగ్గితేనే నీళ్లకు చోటు

ఆత్మకూరులో మాది కిరాణా కొట్టు. వెంకటాపురం మీదుగా నల్లమలలో అడుగుపెట్టే శ్రీశైలం కాలినడక భక్తులు శివరాత్రికి, ఉగాదికి మా ఊరి మీదుగానే పోతారు. శివరాత్రికి ఎక్కువగా మన వైపు శివస్వాములు. ఉగాదికి కన్నడ భక్తులు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి, చీర, పసుపు కుంకుమలు మోసుకుంటూ వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. బొరుగులకో బెల్లానికో మా కొట్టు దగ్గర ఆగినవాళ్ల సంచి కాటా మీద పెట్టించడం నాకు అలవాటు. 8 కిలోలు, 10 కిలోలు తూగుతుంది. పక్క జేబులో నీళ్ల సీసా మాత్రం అర లీటరుది. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ దారిలో నేనూ నడుస్తాను కాబట్టి చెబుతున్నా. వెంకటాపురం దాటాక నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. దాదాపు 40 కిలోమీటర్ల అడవి దారి. పండగ రోజుల్లో తిండికి లోటుండదు. పుణ్యాత్ములు అన్నదానాలు పెడతారు, మజ్జిగ పోస్తారు. కానీ ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ మధ్య ఎండలో నోరెండినప్పుడు మన సంచిలో ఉన్న నీళ్లే దిక్కు. 1 లీటరు నీళ్లంటే 1 కిలో బరువు. అందులో తగ్గించడానికేమీ లేదు. కాబట్టి ముందు 2 లీటర్ల నీళ్లు సంచిలో పెట్టి, ఆ తర్వాతే మిగతావాటి సంగతి చూడాలి.

నీళ్లతో కలిపి సంచి మన ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని నా లెక్క. 55 కిలోల మనిషికి అయిదున్నర కిలోలు. నీళ్లు పోను మూడున్నర కిలోలే మిగులుతాయి. అందుకే పెద్ద సంచి కొనొద్దంటాను. ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పిల్లల బడిసంచి అంత ఉంటే చాలు, పట్టీలు మాత్రం వెడల్పుగా ఉండాలి. నడుముకు బిగించే పట్టీ ఉంటే ఇంకా మేలు, భుజాల మీది బరువు కొంత తుంటి ఎముకల మీదికి దిగుతుంది. బరువైనవి వీపుకు ఆనేట్టు సర్దండి.

ఇక బట్టలు. ఒంటి మీద ఒక జత, దర్శనానికి ఒక జత. అంతే. మా పక్కింటి పిల్ల ప్రతిసారీ, "అక్కా, ఒకవేళ తడిస్తే?" అంటుంది. తడిస్తే నడకలోనే ఆరుతుందమ్మా. నాలుగు పిన్నీసులు పెట్టుకో, తువ్వాలును సంచికే తగిలించుకోవచ్చు. శివరాత్రి నాటికి అడవిలో రాత్రిళ్లు ఇంకా చలి ఉంటుంది గనక ఒక పలుచని దుప్పటి తప్పదు. ఊరగాయ గాజుసీసా, టిఫిన్ క్యారియర్, రెండో జత చెప్పులు, వీటిని ఇంట్లోనే వదిలేయండి. చేతిలోకి వేయించిన శనగలు, పల్లీ చిక్కీ చాలు.

చిన్నవే అయినా విడవకూడనివి కొన్ని ఉన్నాయి. బీపీ, షుగరు మాత్రలు రెండు పొట్లాలు కట్టి ఒకటి సంచిలో, ఒకటి జేబులో ఉంచుకోవాలి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఇంటివాళ్ల నంబరు కాగితం మీద రాసుకోండి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం 1 లీటరు నీళ్లకు కలిపేది, అర లీటరులో మొత్తం గుమ్మరించకండి. చిన్న టార్చి, ముల్లు తీసే పట్టకారు, కొంచెం దూది, ప్లాస్టరు పెట్టుకోండి. కొత్త చెప్పులతో అసలు బయల్దేరొద్దు. కాల్లో ఒకచోట మంటగా అనిపించగానే ఆగి ప్లాస్టరు అంటించండి. బొబ్బ లేచాక చేసేది తక్కువ. చెప్పులు లేకుండా నడిచే దీక్షాపరులు మాత్రం తెల్లవారుజామున, సాయంత్రం నడిచి, మధ్యాహ్నం నీడన ఆగడం మంచిది.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానో భీముని కొలను దగ్గర తెలుస్తుంది. లోయలోకి మెట్లు దిగాలి, మళ్లీ కైలాసద్వారం దాకా నిటారుగా ఎక్కాలి. నడిచి నడిచి కాళ్లు అలిసిపోయాక వచ్చే ఎక్కుడు అది. 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డికి దణ్ణం పెట్టుకుంటూ ఎక్కుతాను. అక్కడ మెట్ల పక్కన కూలబడి సంచి విప్పి, ఏది పారేద్దామా అని వెతికే వాళ్లను చూశాను. ఇంట్లోనే తీసేసి ఉంటే ఆ అదనపు చీర బీరువాలోనైనా ఉండేది.

పారేయడమంటే ఇంకొక మాట. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. పండగ రోజుల్లో మనల్ని నడవనిస్తున్నారు, అంతే. మిగతా ఏడాదంతా అక్కడ బతికేది జంతువులు, చెంచులు. కవర్లు, పొట్లాలు, ఖాళీ సీసాలు మళ్లీ మీ సంచిలోనే వేసుకుని రండి. నీళ్లు తాగేశాక వాటికి బరువేమీ ఉండదు.