మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతంలో దూరదర్శిని ధ్రువాక్ష సర్దుబాటు

భూమి తన అక్షంపై 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లలో ఒక చుట్టు తిరుగుతుంది. అందువల్ల ఖగోళ విషువద్రేఖ మీది నక్షత్రం సెకనుకు సుమారు 15 వికళల చొప్పున పడమటికి జరుగుతున్నట్లు కనిపిస్తుంది. దూరదర్శిని పీఠంలోని ఒక అక్షాన్ని భూ అక్షానికి సమాంతరంగా నిలిపితే ఈ చలనాన్ని ఒకే మోటారుతో అనుసరించవచ్చు. దీనినే ధ్రువాక్ష సర్దుబాటు అంటారు. నగరపు వెలుగుకు కొంత దూరంగా మేడ్చల్, శామీర్‌పేటలకు వచ్చి ఛాయాచిత్రాలు తీసేవారికి ఇందులో ఎదురయ్యే చిక్కులు శీతలదేశాల కరదీపికల్లో అంతగా కనిపించవు.

ఇక్కడి అక్షాంశం సుమారు 17.6 డిగ్రీలు. ఖగోళ ధ్రువం ఉత్తర దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. ఒక ప్రహరీగోడ, ఒక వేపచెట్టు చాలు దానిని మరుగుపరచడానికి. నడినెత్తి నక్షత్రపు కాంతితో పోలిస్తే ధ్రువ నక్షత్రపు కాంతి మూడు రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. ధూళి నిండిన వేసవి రాత్రులలో అది కంటికి ఆనదు. అక్షం ఇంత వాలుగా ఉన్నప్పుడు కొన్ని పీఠాలలో ప్రతిభారపు కడ్డీ ముక్కాలి కాలికి తగులుతుంది కూడా.

ధ్రువుడు నిశ్చలుడని మనవారి నమ్మకం. కాని ఆ నక్షత్రం నేడు అసలు ధ్రువానికి సుమారు 38 కళల దూరంలో ఉంది. అయనచలనం వల్ల 1900 ప్రాంతంలో ఈ దూరం 70 కళలకు మించి ఉండేది. నిజామియా వేధశాల 1901లో హైదరాబాదులో వెలసి, అనంతరం ఆకాశ ఛాయాచిత్ర పట్టికకై దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీని చిత్రించిన కాలం దానికి సమీపమైనదే. నేడు ధ్రువ నక్షత్రాన్నే ధ్రువమని భావించి అక్షాన్ని గురిపెడితే, నక్షత్రం నిమిషానికి గరిష్ఠంగా 10 వికళలు పక్కకు జరుగుతుంది. 400 మిల్లీమీటర్ల నాభ్యంతరం, 4 మైక్రాన్ల పిక్సెల్ గల పరికరంలో ఒక పిక్సెల్ సుమారు 2 వికళలకు సమానం. అంటే రెండు నిమిషాల చిత్రంలో నక్షత్రం పది పిక్సెళ్ల గీతగా మారుతుంది.

దిక్సూచి ఇక్కడ తొలి అంచనాకు మాత్రమే పనికివస్తుంది. ముక్కాలిలోని ఇనుము దాని ముల్లును తప్పుదారి పట్టించవచ్చు. ధ్రువం కనబడని చోట నా దృష్టిలో నమ్మదగినది నక్షత్ర జరుగుబాటు పద్ధతి. ముందుగా యామ్యోత్తర రేఖకు, విషువద్రేఖకు సమీపంలోని నక్షత్రాన్ని చూడాలి. ఇక్కడ అది దక్షిణాన 72 డిగ్రీల ఎత్తున ఉంటుంది కనుక నగరకాంతి అంతగా బాధించదు. నక్షత్రం దక్షిణానికి జరిగితే అక్షం తూర్పుకు, ఉత్తరానికి జరిగితే పడమటికి తప్పిందని అర్థం. తరువాత తూర్పు దిక్కున తక్కువ ఎత్తులోని నక్షత్రాన్ని గమనించాలి. అది దక్షిణానికి జరిగితే అక్షం కిందికి, ఉత్తరానికి జరిగితే పైకి ఉన్నట్లు. అయితే దిగంతానికి మరీ దగ్గరి నక్షత్రాన్ని ఎంచుకోరాదు. వక్రీభవనం ఫలితాన్ని చెరుపుతుంది. ధ్రువం ఎత్తులోనే దాని ప్రభావం సుమారు 3 కళలు.

దోషం 5 కళలకు తగ్గితే జరుగుబాటు నిమిషానికి గరిష్ఠంగా 1.3 వికళలు, పై పరికరంతో రెండు నిమిషాల చిత్రానికి అది చాలు. మరలు బిగించేటప్పుడు పీఠం మళ్లీ కదులుతుంది కనుక, బిగించిన తరువాత మొదటి నక్షత్రాన్ని మరొకసారి చూడవలసి ఉంటుంది.