రహదారే రన్‌వే

యుద్ధవిమానం ఎంత శక్తిమంతమైనదైనా రన్‌వే లేనిదే నిరుపయోగం. 1967 జూన్ 5న ఇజ్రాయెల్ జరిపిన దాడిలో ఈజిప్టు విమానాలు వందలాదిగా నేలమీదనే ధ్వంసమయ్యాయి. ఇట్టి ప్రమాదాన్ని స్వీడన్ అంతకుముందే ఊహించింది. ఆనాడు ఏ సైనిక కూటమిలోనూ చేరని ఆ దేశం, శత్రువు విమానాశ్రయాలను కూల్చివేసినా రహదారులపై నుండి పోరాడగలగాలని సంకల్పించింది. అందుకు తగిన విమానాలను సాబ్ సంస్థ రూపొందించింది.

1955లో తొలిసారి ఎగిరిన డ్రాకెన్, జంట త్రికోణాకృతి రెక్కలతో ధ్వనిని మించిన వేగాన్ని సాధించింది. 1967లో విగెన్ వచ్చింది. విగెన్ అనగా పిడుగు. త్రికోణపు రెక్క అధికవేగానికి అనుకూలమే కాని, నెమ్మదిగా దిగడానికి అంతగా తోడ్పడదు. ఈ చిక్కును తొలగించడానికి ముందుభాగంలో మరొక చిన్న రెక్కల జతను అమర్చారు. ముందు చక్రం నేలను తాకగానే ఇంజను నుండి వెలువడే వాయుప్రవాహం ఎదురుదిశకు మళ్ళేది. ఆ ఎదురుతోపు వల్ల విమానం సుమారు 500 మీటర్లలోనే ఆగగలిగేది. దానిలో ఇంధనం నింపి, ఆయుధాలు అమర్చే పనుల్లో నిర్బంధ సైనికసేవలో ఉన్న యువకులు పాల్గొనేవారు. 2005లో విగెన్ స్వీడన్ వైమానికదళం నుండి విరమించింది.

రహదారిని రన్‌వేగా వినియోగించే ఆలోచన నేడు మన ప్రాంతంలోనూ రూపుదాల్చింది. పొదిలి పరిసరాల పత్తి, మిరప పంటలు రహదారుల మీదుగానే మార్కెట్లకు చేరుతాయి. అద్దంకి సమీపాన కొరిశపాడు వద్ద, లారీలు సాగే 16వ నంబరు జాతీయ రహదారిపైనే 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు గల కాంక్రీటు రన్‌వేను నిర్మించారు. 2022 డిసెంబరు 29న భారత వైమానికదళం అక్కడ ప్రయోగం నిర్వహించింది. 2024 మార్చి 18న సుఖోయ్, హాక్ విమానాలు దానికి అతి సమీపంగా ఎగిరి వెళ్ళగా, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి తిరిగి లేచాయి.

స్వీడన్ తన రహదారికి తగినట్లు విమానాన్ని మలచింది. మనం విమానానికి తగినట్లు రహదారిని మలచుకున్నాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన తీరం మనది. ఆపదలో సహాయం సకాలంలో అందడమే ప్రాణాధారం. యుద్ధభయం నుండి పుట్టిన ఈ ఆలోచన ఒక్క ప్రాణాన్ని నిలిపినా, శాస్త్రవిజ్ఞానం సార్థకమైనట్లే.