అరచేతిలో ఔచిత్యము

అమలాపురము గడియార స్తంభము కూడలియందు గాని, అంబాజీపేట కొబ్బరి బజారునందు గాని, వరదనీటితోపాటు పులస యెదురెక్కి వచ్చు దినములలో దారిప్రక్కన బుట్టలు దించుకొని కూర్చున్న చేపలమ్ము ఆడువారి యెదుట గాని, ఇప్పుడు తప్పక కనబడు వస్తువొకటి యున్నది: నలుపు తెలుపు గళ్ళతో నిండిన చదరపు కాగితము, దానిపై ప్లాస్టిక్ పొర, ఆ పొరపై చేపనీటి మరకలు. "స్కానర్ ఉందాండీ?" అని కొనువాడడుగును, "ఆయ్, ఇదిగోనండి" అని యామె చూపును, పిమ్మట "పడిందాండీ?", "పడిందండి" అను రెండు మాటలతో బేరము ముగియును. ఈ కొద్దిపాటి సంభాషణ నడుమ జరిగిన పనియందు సౌందర్యము కలదని నేనన్నచో చదువరులు నవ్వవచ్చును. కోనసీమలో సౌందర్యమనగా కాలువగట్టున వంగిన కొబ్బరిచెట్టనియు, కనుమనాడు జగ్గన్నతోటకు భుజములపై కదలివచ్చు ప్రభలనియు, బండారులంక మగ్గముపైనుండి దిగిన చీర యంచనియు చెప్పుకొనుట వాడుక. అయినను నిత్యోపయోగ వస్తువునకు తగిన శోభ వేరొకటి కలదు. అది మన ఫోనులలోని యాప్‌లలో కొన్నింటికి దక్కినది, పెక్కింటికి దక్కలేదు.

ముందుగా ఆ గళ్ళ కాగితమునే చూతము. దీనిపైనున్న క్యూఆర్ కోడును 1994లో జపానునందలి డెన్సో సంస్థకు చెందిన మసహిరో హారా యను ఇంజనీరు మోటారు కార్ల విడిభాగముల లెక్క కొఱకు రూపొందించెను. గళ్ళపలకపై నల్లరాళ్ళను తెల్లరాళ్ళను పేర్చి యాడు 'గో' అను ఆటవలన ఆయనకా యూహ తోచినదట. క్యూఆర్ కోడు మూడు మూలలయందు మూడు పెద్ద చదరములుండును. వాని నడుమగా ఏ వైపునుండి గీత గీచినను నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు అనునవి 1:1:3:1:1 పాళ్ళలోనే వచ్చును. పత్రికలు, కరపత్రములు, అట్టపెట్టెలు మున్నగు అచ్చువస్తువులను గాలించి, వానియందు మిక్కిలి అరుదుగా తటస్థపడు నిష్పత్తి యిదియేయని తేల్చుకొనిన పిమ్మటనే హారా బృందము దానిని గ్రహించెను. కనుకనే బుట్ట యంచున వంకరగా వ్రేలాడుచున్న కాగితమును తలక్రిందుగా చూచినను, చుట్టును నున్న వ్రాతలలో దేనితోను పొరపడక, ఫోను కెమెరా క్షణములో గుర్తుపట్టును. నాలుగవ మూల అట్టి చదరము లేకుండుటచే ఏది పైభాగమో ఏది క్రిందిభాగమో తెలియును. లోపలి గళ్ళలో అసలు సమాచారముతోపాటు దానిని దిద్దుకొనుటకు వలయు అదనపు లెక్క కూడ ఇమిడియున్నందున, ఆ దిద్దుబాటును అత్యున్నత స్థాయిలో ఉంచి అచ్చొత్తినచో కోడులో సుమారు 30 శాతము చెడినను చదువ వీలగును. పొలుసు అంటిన కాగితము, వానకు తడిసి నడుమ చెరిగిన కాగితము నేటికిని పనిచేయుచున్నవన్నచో, వస్తువు సంతలో పాడుగాక తప్పదని ముందే తలచిన వాని దూరదృష్టియే యందులకు కారణము.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ' యను గ్రంథమున కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని ప్రతిపాదించెను. మహాకవుల రచనలకు ఆయన పట్టిన కొలబద్దను చేపలబుట్ట కడ నున్న తెరకు పట్టుట సాహసమే. కాని నాకింతకన్న తగినది దొరకలేదు. ఎక్కడ ఏది చూపవలెనో, ఎక్కడ ఊరకుండవలెనో యెరుగుటయే యాప్ నిర్మాతకును ప్రథమ పాఠము.

డబ్బు పంపు తెరను చూడుడు. జాతీయ చెల్లింపుల సంస్థ యైన ఎన్‌పీసీఐ 2016 ఏప్రిల్‌లో ఫోనుద్వారా సొమ్ము పంపు యూపీఐ పద్ధతిని ఆరంభించి, ఆ సంవత్సరము డిసెంబరు 30న భీమ్ యాప్‌ను వెలువరించెను. భీమరావు అంబేద్కరు పేర వెలసిన యాప్ అది. ఆ మహనీయుని పేరే నేడు కోనసీమ జిల్లాకును ఉన్నది. యూపీఐ యాప్‌లన్నింటను సొమ్ము కదలుటకు ముందు అవతలివారి పేరు తెరపై కనబడును. ఒక్క అంకె తప్పి వేరొకరి నంబరు పడినచో ఆ పేరు మనలను ఆపును. బొటనవ్రేలు సందేహించు చోటు అదియే. సందేహించుట కచట వ్యవధి నిచ్చినవాడు మానవస్వభావ మెరిగినవాడు. చేపలమ్మునామె ఖాతా ఆమె పేర ఉండకపోవుట కద్దు; కొనువాడు తెరవంక చూచి జంకగానే, "మా అబ్బాయి పేరొస్తుందండి, కొట్టేయండి" అని యామెయే ముందుగా చెప్పును. తెరయు మనిషియు కలిసి నడపిన వ్యవహారమది. చెల్లించువాడు తన ఫోనులో వ్రాసికొన్న ముద్దుపేరు గాక, బ్యాంకు పద్దులలోని అసలు పేరే చూపవలెనని 2025లో ఎన్‌పీసీఐ యాప్‌లవారినందరిని ఆదేశించెను.

తరువాతి పుట మరియు గొప్పది. ఫోన్‌పే యైనను, గూగుల్ పే యైనను, భీమ్ యైనను, పిన్ అడుగు పుట మాత్రమొక్కటే. అది ఆయా యాప్‌లవారు గీచుకొన్నది గాక ఎన్‌పీసీఐవారే అందరికిని సమకూర్చినది. బ్యాంకు పేరు, ఎవరికి, ఎంత, నాలుగో ఆరో ఖాళీలు, వాని క్రింద అంకెలు: ఇంతియే. దానికి ముందును వెనుకను యాప్‌లవారు బహుమతి చీటీలు గోకుడనియు, అప్పు తీసికొనుడనియు ఎంత రభస చేసినను, ఈ పుటయందు మాత్రము ఒక్క మాట యెక్కువ లేదు. నిరాడంబరమైన యీ నిశ్శబ్దమే నా దృష్టిలో మన దేశపు తెరలన్నింటిలో మిక్కిలి అందమైనది. అంగడిలో ఆ వెంటనే పలుకు సౌండ్‌బాక్సు గూర్చి విస్తరించి చెప్పవలసినది లేదు. చేతులు పిండిలోనో నూనెలోనో ఉన్న అంగడివాడు ఫోను ముట్టకయే సొమ్ము పడినదని తెలిసికొనుట దాని ప్రయోజనము, అది నెరవేరుచున్నది. మహేశ్ బాబు గొంతుతో పలికించుట వినోదము మాత్రమే.

కోనసీమవాసికి రైలు సంగతి వేరు. కోటిపల్లి నుండి నరసాపురమునకు అమలాపురము మీదుగా వేయదలచిన మార్గము మంజూరై రెండు దశాబ్దములు దాటినను పూర్తికాలేదు కనుక, కొత్తపేటవారు రాజమహేంద్రవరమునకును, రాజోలువారు గోదావరి పాయయైన వశిష్ఠ దాటి పాలకొల్లుకో నరసాపురమునకో పోయి రైలెక్కవలెను. ఇట్టివారికి బండి ఎంత యాలస్యమో ఇంటివద్దనే తెలియుట ఒక వరము. 'వేర్ ఈజ్ మై ట్రైన్' అను యాప్‌ను బెంగళూరునందలి సిగ్మాయిడ్ ల్యాబ్స్ నిర్మింపగా 2018లో గూగుల్ దానిని కొనెను. తెరపై నిలువుగీత యొకటి, దానిపై స్టేషనులు, వాని నడుమ క్రిందికి జారుచుండు చిన్న బండిగుర్తు, మరేమియు లేదు. దీని రహస్యము బండిలో కూర్చున్నప్పుడు బయటపడును. నడిరేయి ఇంటర్నెట్టు అందని చోట ఉపగ్రహపు సాయము కూడ లేకయే, దారివెంట ఫోను తాకుచు పోవు సెల్ టవరుల గుర్తులను బట్టి, ముందే ఫోనులో దాచియుంచిన సమయపట్టికతో సరిచూచుకొని, ఇపుడెక్కడ నున్నామో చెప్పును. దిగవలసిన స్టేషనునకు ముందు అలారము మ్రోగించును. గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో పై బెర్తున పండుకొని, రాజమహేంద్రవరము దాటిపోవుదునేమో యను భయముతో మాటిమాటికి కిటికీవైపు వంగి చూచినవానికే యీ యలారము విలువ తెలియును.

ఇందులకు సరిగా విరుద్ధమైన విద్యయు కలదు. అమలాపురమునుండి హైదరాబాదునకు బస్సు టిక్కెట్టు తీయబోయినపుడు, నేనడుగని బీమా ఒకటి ముందే టిక్కు పెట్టుకొని నా లెక్కలో కూర్చుండుట చూచితిని. దానిని తొలగించు మాట లేతబూడిదరంగులో, కొనుమను మాట పెద్ద పచ్చని పెట్టెలో. కంటికది చక్కగానే యుండెను, రంగులు పొందికగా కుదిరెను. కాని ఆ పొందిక యంతయు నా యజాగ్రత్తకొఱకు పన్నిన వల. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇట్టి పన్నుగడలను 13 విధములుగా పేర్కొని కూడదని మార్గదర్శకములు వెలువరించెను: అడుగని సరకును బుట్టలో చేర్చుట, వలదన్నవానిని సిగ్గుపడునట్లు చేయుట, అసలు ధరను చివరిమెట్టుదాక దాచుట అందులోనివే.

ఇక తెలుగుతెర మాట. కోనసీమకు ఒక యెల్లయైన గౌతమి పేరనే, 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు వచ్చెను. రామభద్ర, గిడుగు, మండలి, సూరన్న మున్నగు ఫాంట్లను సిలికానాంధ్రవారు ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు విడిచిరి. వశిష్ఠ కావలియొడ్డున నరసాపురమందు పుట్టిన బాపు చేతివ్రాత సైతము ఫాంటుగా మారి శుభలేఖల కెక్కినది. అక్షరములకు కొదువ లేదు. వానికి చోటిచ్చుటలోనే లోపమున్నది. తెలుగు పంక్తి మూడంతస్తుల ఇల్లు: నడుమ అక్షరము, పైన గుడియో ఏత్వమో, క్రింద వత్తు. స్వాతంత్ర్యమను మాటలో తకారము క్రింద రెండు వత్తులు చేరును. ఆంగ్లములో 'క్యాన్సిల్' అని వ్రాసి కొలిచిన బొత్తాములో 'రద్దు' పెట్టినచో, దకారపు వత్తు క్రిందియంచున తెగి 'రదు' అగును; 'చెల్లింపు' 'చెలింపు' అగును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము కంటికి కానరాని యొక గుర్తుతో కలిసి వచ్చినప్పుడు ఐఫోనులు దానిని చూపలేక, సందేశముల యాప్ సైతము తెరచిన వెంటనే మూతపడుచుండెను. ఆపిల్‌వారు కొద్ది దినములలో సవరణ పంపిరి. ప్రపంచమంతయు వార్తయైన లోపమది, కనుక వెంటనే తీరెను. తెగిన వత్తు ఎవరికిని వార్త కాదు.

ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు, కన్నడము, తమిళము, మలయాళము వంటి లిపులకు చిరకాలము రెండు కొలతలుండెడివి: ఆంగ్లపంక్తి యెత్తులో ఇమిడునట్లు కుదించినది యొకటి, సహజమైన యెత్తు గలది వేరొకటి. నిర్మాత పనిగట్టుకొని కోరిననే గాని రెండవది వచ్చెడిది కాదు. 2024లో వచ్చిన 15వ ఆండ్రాయిడ్ ఆ వరుసను తిరుగవేసెను. దానికనుగుణముగా కట్టిన యాప్‌లలో సహజమైన యెత్తే వాడుక యైనది. పాతపద్ధతిలో కట్టినవి పాతపద్ధతిలోనే యున్నవి, కొలత మార్చని పెట్టెలు ఇరుకుగానే యున్నవి. మీ ఫోను భాషను తెలుగునకు మార్చి, మీరు నిత్యము వాడు యాప్‌లో 'రద్దు' అను బొత్తాము క్రిందియంచును నిదానించి చూడుడు. వత్తు తెగియున్నచో తెరను ఫోటో తీసి నిర్మాతలకు పంపుడు. వారిలో ననేకులకు తెలుగు చదువ రాదు గనుక, ఏది తెగినదో వ్రేలితో చూపినట్లు గుర్తుపెట్టి మరీ పంపుడు.